ఘాట్ దిగుతుంటే డిస్కు బ్రేకు కాగిపోతోందా? ముందు ఏది మార్చాలి, ఏది తర్వాత

హార్స్‌లీ కొండ మీది నుంచి మదనపల్లె వైపు సైకిలు మీద దిగుతున్నాను. సగం దారి దాటాక ఒక మలుపులో వెనక బ్రేకు పట్టుకుంటే, ఎప్పుడూ వేలికి అడ్డు తగిలే చోట ఏమీ తగల్లేదు. నానిన స్పాంజిని పిండినట్టు లీవరు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేసింది. ముందు బ్రేకు పట్టి, పిట్టగోడ పక్కకు చేర్చి, ఎలాగో సైకిలు ఆపాను. కాలిన జిగురు వాసన వస్తోంది. మంచినీళ్ల సీసా మూత తీస్తుంటే ఒక చుక్క రోటరు మీద, అంటే చక్రంతో పాటు తిరిగే ఉక్కు రేకు మీద, పడింది. దోసె పెనం బాగా కాగిందో లేదో చూడటానికి నీళ్లు చిలకరిస్తాం కదా, అచ్చం అలాగే ఆ చుక్క చుయ్యిమని పూసలా దొర్లి మాయమైపోయింది.

ఒక జీపు డ్రైవరు బండి ఆపి, “నీళ్లు పోసేయండి సార్, వెంటనే చల్లారుతుంది” అన్నాడు. మంచి మనసుతో చెప్పిన మాటే. కానీ ఆ పని చేయకండి. అంత కాగిన పల్చటి ఉక్కు రేకు మీద చన్నీళ్లు పడితే అది వంకర పోవచ్చు, ఎగసిన ఆవిరి చేతిని కాల్చవచ్చు. నేను గోడ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఆ తర్వాత పట్టి చూస్తే లీవరు మళ్లీ గట్టిగా, అసలేమీ జరగనట్టే ఉంది.

ఆ గట్టిదనాన్ని నమ్మడమే నా పొరపాటు. ఇంటికొచ్చి, రోటరును రెండు వైపుల నుంచి నొక్కి పట్టే ప్యాడ్లు కొత్తవి కొని వేయించాను. నెల తిరక్కుండా అదే కొండ మీద, ఇంకా పై మలుపులోనే లీవరు మళ్లీ చేతికి వచ్చింది. జబ్బు ఒకటైతే మందు మరొకటి వేశానని అప్పుడు అర్థమైంది. కాగిన బ్రేకుకు మందులు చాలానే ఉన్నాయి: ఆయిలు, ప్యాడ్లు, పెద్ద రోటరు, నాలుగు పిస్టన్ల క్యాలిపరు (ప్యాడ్లను రోటరు మీదికి నెట్టే భాగం). అన్నీ మంచివే. మీ సైకిలుకు వచ్చిన జబ్బుకు వాటిలో పనికొచ్చేది ఏదో తేల్చుకోవడానికే ఈ వివరమంతా.

లీవరు ఏం చెబుతోంది

డబ్బు తీయడానికి ముందు, బ్రేకు కాగినప్పుడు వేలికి ఏం తెలిసిందో గుర్తు చేసుకోండి.

లీవరు మెత్తబడి హ్యాండిలు దాకా వచ్చిందంటే, లోపల ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ఆయిలును ఎంత నొక్కినా నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ వేలి బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది, ప్యాడు దాకా చేరదు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది కాబట్టి లీవరు గట్టిపడుతుంది. లోపలి ఆయిలు మాత్రం అదే పాడైన ఆయిలు. చల్లారగానే బాగైపోయిన బ్రేకును ఎప్పుడూ నమ్మకండి.

లీవరు గట్టిగానే ఉండి, ఎంత బలంగా నొక్కినా సైకిలు ఆగకపోతే తప్పు ప్యాడులో ఉంది. ప్యాడును కలిపి ఉంచే జిగురు పదార్థం వేడికి తట్టుకోలేక పట్టు వదిలేసింది. ఇది చల్లారాక కూడా కొంత మిగిలిపోతుంది. ప్యాడు పైభాగం గాజులా నున్నబడి, మర్నాడు చదును రోడ్డు మీద కూడా కీచుమంటుంది, సరిగా పట్టదు.

ఇక చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట ‘టింగ్, టింగ్’ అని రాసుకుంటే రోటరు కాస్త వంగింది. చాలాసార్లు చల్లారాక అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే శుభ్రమైన సాధనంతో మెల్లగా నొక్కి సరిచేయవచ్చు. రోటరు మీద గోధుమ, నీలం రంగుల చారలు కనిపిస్తే అది కొన్ని వందల డిగ్రీల దాకా కాగిందని గుర్తు.

అంత వేడి ఎక్కడిది

ఇక్కడ కాస్త లెక్క అవసరం. మనిషి, సైకిలు, సంచి కలిపి 100 కిలోలు అనుకుందాం. ఏనుగు మల్లమ్మ కొండకు, అదే హార్స్‌లీ కొండకు, మదనపల్లెకు ఎత్తులో తేడా 500 మీటర్లకు పైనే. 500 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 490 కిలోజౌళ్లు. లీటరున్నర మామూలు నీళ్లను మరిగించడానికి అంత శక్తి చాలు. అందులో కొంత గాలికి, కొంత టైర్లకు పోతుంది. మిగతాదంతా చక్రాల దగ్గరి రెండు రేకులు మోయాలి.

ఆ రేకులు ఎంతని? 160 మిల్లీమీటర్ల వ్యాసమున్న రోటరు బరువు వంద గ్రాములకు కాస్త పైన. గాలి ఏమాత్రం చల్లార్చకపోతే, ఆ రెండు రోటర్లూ 100 డిగ్రీలు వేడెక్కడానికి మీరు దిగాల్సింది 11 మీటర్లు మాత్రమే. అంటే మూడంతస్తుల మేడ పైకప్పు నుంచి నేలకు ఉండే ఎత్తు. కొండ దిగుడంతా వేడిని దాచుకునే శక్తి ఏ రోటరుకూ లేదు. పుట్టిన వేడిని పుట్టినట్టే గాలికి వదిలేయాల్సిందే. కాబట్టి ఏ పరికరం కొన్నా అడగాల్సిన ప్రశ్న, అది వేడిని గాలికి ఎంత బాగా వదులుతుందన్నదే.

లారీ డ్రైవర్లకు ఘాట్‌లో ఒక నియమం ఉంది: ఎక్కిన గేరులోనే దిగాలి. ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. సైకిలుకు ఆ సౌకర్యం లేదు. తొక్కడం మానగానే ఫ్రీవీలు వదిలేస్తుంది. మనల్ని ఆపగలిగేవి రెండే, బ్రేకు, ఎదురుగాలి. ఆ ఎదురుగాలిని వాడుకోవడం తెలిస్తే రూపాయి ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

ఖర్చులేనిది: పట్టే తీరు

పది శాతం వాలులో నిటారుగా కూర్చుని దిగే మనిషికి నేను వేసుకున్న అంచనా ఇది. గంటకు 15 కిలోమీటర్ల వేగం దగ్గర నిలబెడితే బ్రేకుల మీద 330 వాట్ల దాకా పడుతుంది. 35 దగ్గర నిలబెడితే 530 వాట్లు. 50 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 350కి తగ్గుతుంది, ఎందుకంటే అప్పటికి గాలే చాలా పని చేసిపెడుతుంది. మనలో చాలామంది భయంతో లీవరును సగం నొక్కి పట్టుకుని దిగేది సరిగ్గా ఆ 30, 35 మధ్యే. బ్రేకుకు అంతకంటే కష్టమైన వేగం లేదు.

అలాగని 50లో దిగమని చెప్పడం లేదు. మన ఘాట్‌లలో మలుపు తిరిగితే బస్సు ఉంటుంది, కోతుల గుంపు ఉంటుంది. చేయాల్సిందల్లా, ఎదురు కనిపించే తిన్నని చోట రెండు లీవర్లూ పూర్తిగా వదిలి గాలి తగలనివ్వడం, మలుపుకు ముందు నిటారుగా లేచి గట్టిగా, కొద్దిసేపు పట్టడం, మళ్లీ వదలడం. సన్నగా రాపిడి పెడుతూ దిగడం మానేస్తే చాలు. ఎదురు కనిపించని రోడ్డయితే మెల్లగానే దిగండి, కానీ అయిదారు మలుపులకొకసారి ఆగండి.

ఇంకొకటి, దీని గురించి గట్టిగానే చెప్పాలి. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని చిన్నప్పుడు మనందరికీ ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఆ భయంతో పెద్దయ్యాక కూడా కొండంతా వెనక బ్రేకుతోనే దిగేవాళ్లున్నారు. అప్పుడు రెండు రోటర్లు పంచుకోవాల్సిన వేడంతా ఒక్కదాని మీదే పడుతుంది. పైగా చాలా సైకిళ్లకు చిన్న రోటరు ఉండేది వెనకే. నిజానికి ఆపే బలం ఎక్కువగా ఉన్నది ముందు చక్రానికే. ఒంటిని కాస్త వెనక్కి జరిపి, చేతులు నిలదొక్కుకుని, రెండూ కలిపి పట్టడం ముందు చదును నేల మీద సాధన చేయండి. మన దగ్గర కుడి లీవరు ముందు చక్రానికి ఉండటం మామూలే. అయినా బయటి నుంచి వచ్చిన సైకిళ్లలో తారుమారుగా ఉండవచ్చు, ఎక్కే ముందు ఒకసారి చూసుకోండి.

ఆయిలు: లీవరు మెత్తబడితే ముందు ఇదే

హైడ్రాలిక్ బ్రేకుల్లో, అంటే ఆయిలు ఒత్తిడితో పనిచేసే వాటిలో, రెండు రకాల ఆయిలు ఉంది, ఒకటి డాట్ ఆయిలు, రెండోది మినరల్ ఆయిలు. ఏది మంచిదన్న వాదనకు అంతు లేదు. కానీ ఎంచుకునే అవకాశం సైకిలు కొన్న రోజే అయిపోయింది. షిమానో, మాగురా, టెక్‌ట్రో బ్రేకులు మినరల్ ఆయిలుతో నడుస్తాయి. హోప్, స్రామ్‌లో చాలా రకాలు డాట్‌తో నడుస్తాయి, స్రామ్‌లోనే కొన్ని కొత్త రకాలు మినరల్‌కు మారాయి. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. లీవరు మూత మీద ఏ ఆయిలో రాసి ఉంటుంది, అది చూడకుండా ఏదీ పోయనివ్వకండి.

డాట్ ఆయిలుకు ఒక గుణం ఉంది, అది తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. తేమ పీల్చిన డాట్ 4కు ప్రమాణం ఒప్పుకునే కనీస స్థాయి 155 మాత్రమే. డాట్ 5.1 అయితే కొత్తది 260, తడిసింది 180. మన కోస్తా గాలిలో, మూడు వానాకాలాలు దాటిన ఆయిలుతో కొండ దిగడమంటే ఆ రెండో అంకెతో దిగడమే. నా బ్రేకులో ఉన్నది అలాంటి ఆయిలే. సైకిలు బాగుచేసే చోట లీవరు మూత కూడా తెరవకుండా “ఆయిలు బాగానే ఉంది” అన్నారు, నేనూ ఊరుకున్నాను. చివరికి ఇంట్లో సిరంజి పెట్టి లాగితే కషాయం రంగులో వచ్చింది.

మినరల్ ఆయిలు నీటిని పీల్చదు. షిమానో తన ఆయిలు మరిగే స్థాయిని 280 డిగ్రీలుగా చెబుతుంది. అయితే సీలు పక్కనుంచి లోపలికి చేరిన నీరు ఆయిలులో కలవకుండా, బరువుకు కిందికి దిగి క్యాలిపరులో నిలుస్తుంది. అంటే అన్నిటికంటే వేడెక్కే చోటికే చేరుతుంది. అక్కడ 100 డిగ్రీలకే మరుగుతుంది. కాబట్టి మినరల్ కదా, మార్చనక్కరలేదన్న ధీమా వద్దు.

నా సలహా: డాట్ అయితే ఏటా ఒకసారి, మినరల్ అయితే రెండేళ్లకొకసారి, వానాకాలం వెళ్లాక ఆయిలు పూర్తిగా మార్పించి, బ్రేకు లోపలి గాలి బుడగలు తీయించండి. డాట్ 4 సీసా ఏ మోటారు సైకిలు విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది. చిన్న సీసా కొనండి, మూత తీసి నెలల తరబడి ఉంచిన దాన్ని మళ్లీ వాడకండి. డాట్ 5 అని మరొకటి ఉంది, అది సిలికాన్‌తో చేసింది, దాని జోలికి పోవద్దు. మినరల్ అయితే ఆ బ్రేకు చేసిన కంపెనీ ఆయిలే వాడండి. కుట్టుమిషను నూనె పోసినా పని చేస్తుందని చెప్పేవాళ్లుంటారు, ప్రాణంతో ముడిపడిన చోట ఆ ప్రయోగం వద్దు.

ప్యాడ్లు: లీవరు గట్టిగా ఉండి సైకిలు ఆగకపోతే

జిగురు పదార్థంతో కలిపి చేసిన రెసిన్ ప్యాడు చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పడుతుంది, చప్పుడు చేయదు, రోటరును అంతగా అరగదీయదు. ఊళ్లో తిరగడానికి, అడవి బాటల్లో ఎక్కి దిగడానికి అదే హాయి. కానీ బాగా కాగితే పట్టు వదిలేస్తుంది, వాన బురదలో త్వరగా అరిగిపోతుంది. లోహపు పొడితో చేసిన మెటాలిక్ ప్యాడు వేడికి, బురదకు బాగా ఓర్చుకుంటుంది. చలిలో మొదటి పట్టు కాస్త తక్కువ, తడిస్తే అరుస్తుంది.

చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. లోహం కాబట్టి మెటాలిక్ ప్యాడు వేడిని పిస్టను మీదుగా ఆయిలుకు కూడా ఎక్కువగా చేరవేస్తుంది. పాత ఆయిలు అలాగే ఉంచి మెటాలిక్ ప్యాడు వేస్తే లీవరు ఇంకా ముందే మెత్తబడవచ్చు. నేను వేయించిన కొత్త ప్యాడ్లు మెటాలిక్‌వే. రెండోసారి నా సైకిలు ఇంకా పై మలుపులోనే మొండికేయడానికి కారణం అదేనని నాకు గట్టి నమ్మకం.

తక్కువ ధర రోటర్లలో కొన్నిటి మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. ఆ రోటరు ఉక్కు మెత్తన, మెటాలిక్ దాన్ని కొరికేస్తుంది. ప్యాడు మార్చాలంటే అప్పుడు రోటరు కూడా మార్చాలి. అల్యూమినియం రెక్కలున్న ప్యాడ్లు కూడా వస్తాయి, వేడిని కొంత గాలికి వదులుతాయి. మీ క్యాలిపరుకు సరిపడేవి దొరికితే తీసుకోండి, వాటి కోసమే క్యాలిపరు మార్చకండి.

గాజుబారిన ప్యాడును పారేయనక్కరలేదు. చదునైన రాయి మీద సాండ్ పేపరు పరిచి, మెరుపు పోయేదాకా రుద్దితే చాలా వరకు పని చేస్తుంది. ఆ పొడి పీల్చకండి. రోటరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. మనకు కిరోసిన్‌తో అన్నీ తుడిచే అలవాటుంది, అది జిడ్డు వదులుతుంది, ఆ జిడ్డు తాగిన ప్యాడు ఇక పనికిరాదు. తర్వాత చదును రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి, పూర్తిగా ఆగకుండా, ఇరవై సార్లు వేగం తగ్గించండి. కొత్త ప్యాడుకూ ఇదే పద్ధతి. ప్యాడు మీది పదార్థం అర మిల్లీమీటరుకు అరిగితే మార్చేయాల్సిందే, పల్చబడిన ప్యాడు వేడిని అడ్డుకోలేదు.

రోటరు: డబ్బుకు తగ్గ ఫలితం ఇక్కడే

ఆయిలు తాజాగా ఉండి, ప్యాడు సరైనదై ఉండి, ఇంకా కాగుతోందంటే నేను రోటరు మార్చమంటాను, క్యాలిపరు కాదు. 160 నుంచి 180కి మారితే అదే వేలి బలంతో పట్టు ఎనిమిదో వంతు పెరుగుతుంది. 203కి మారితే నాలుగో వంతు కంటే ఎక్కువ. అంతకంటే ముఖ్యం, 203 రోటరు బరువు దాదాపు రెండు వందల గ్రాములు. వేడిని ఓర్చుకునే ఉక్కు ఎక్కువ, గాలి తగిలే వైశాల్యం ఎక్కువ. ఖర్చు ఒక రోటరు, పెద్ద రోటరుకు తగ్గట్టు క్యాలిపరును జరిపి బిగించే ఒక అడాప్టరు, రెండు బోల్టులు.

కొనే ముందు రెండు చూడాలి. ముందు ఫోర్కు ఎంత పెద్ద రోటరును ఒప్పుకుంటుందో దాన్ని చేసినవాళ్లు చెబుతారు, అది దాటకండి. వెనక ఫ్రేములో చాలా వాటికి 180 దాకానే చోటుంటుంది. ముందు 203, వెనక 180 అన్నది కొండ దిగేవాళ్లకు నాకు తెలిసిన మంచి జోడీ. హబ్బుకు రోటరును బిగించేది ఆరు బోల్టులతోనా, మధ్యలో ఒకే రింగుతోనా (సెంటర్ లాక్) అన్నది కూడా చూసుకోండి. మధ్యలో అల్యూమినియం, రెండు వైపులా ఉక్కు అతికిన రోటర్లు షిమానో చేస్తుంది, అవి వేడిని త్వరగా వదులుతాయి. ధర ఎక్కువ. మామూలు 203తో పోలిస్తే ఖరీదైన 160 కొనడం నాకు నచ్చదు. రోటరు అరుగుదల మర్చిపోవద్దు. షిమానోది కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 1.5కి వస్తే దాని పని అయిపోయినట్టే.

నాలుగు పిస్టన్ల క్యాలిపరు పట్టు పెంచుతుంది, దాని ప్యాడు పెద్దది కాబట్టి వేడి కాస్త పంచుకుంటుంది. రాళ్ల బాటల్లో నిటారుగా దిగేవాళ్లకు, బరువున్నవాళ్లకు, సామానుతో తిరిగేవాళ్లకు అవసరమే. తారురోడ్డు ఘాట్ కోసమైతే అది చివరి ఖర్చు. కేబులుతో పనిచేసే మెకానికల్ డిస్కులో మరిగే ఆయిలు లేదు, లీవరు అలా హఠాత్తుగా చేతికి రాదు. అందుకే అది సురక్షితమని కొందరంటారు. ప్యాడు పట్టు వదలడం దానికీ ఉంది. పైగా ప్యాడు అరిగేకొద్దీ చేత్తో బిగిస్తూ ఉండాలి. చాలా చవక రకాల్లో ఒక్క ప్యాడే కదులుతుంది, రోటరును రెండో దాని మీదికి వంచుతుంది. ఇప్పటికే మెకానికల్ ఉన్నవాళ్లు పెద్ద రోటరు, మంచి ప్యాడ్లు, కొత్త కేబులు వేసుకుంటే ఘాట్‌కు సరిపోతుంది.

కాబట్టి నెలకొకసారి అరకు దారిలోనో, లంబసింగి వైపో వెళ్లివచ్చే 65 కిలోల మనిషికి తాజా ఆయిలు, మంచి రెసిన్ ప్యాడ్లు, పట్టే తీరు చాలు. 85 కిలోలు దాటినవాళ్లు, వెనక సామాను కట్టుకునేవాళ్లు ముందు రోటరును 203 చేసి మెటాలిక్ ప్యాడు వేసుకోవాలి. వానాకాలంలో కూడా దిగేవాళ్లకు బరువుతో పనిలేకుండా మెటాలిక్కే.

అద్దె సైకిలు మీద దిగేవాళ్లకు

మనవాళ్లు చాలామంది లద్దాఖ్ వెళ్లి, జీపులో ఖర్దూంగ్ లా దాకా ఎక్కి, అక్కడి నుంచి అద్దె సైకిలు మీద లేహ్‌కు దిగుతున్నారు. కనుమ ఎత్తు 5,359 మీటర్లు, లేహ్ దాదాపు 3,500. అంటే హార్స్‌లీ కొండ మూడుసార్లు దిగినదానికంటే ఎక్కువ, ఒకే ఊపులో. అక్కడి గాలి పలచన. మనల్ని ఆపదు, రోటరును సరిగా చల్లార్చదు. ఆ సైకిలు మన చేతిలోది కాదు, దాని ఆయిలు ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు.

జీపు ఎక్కే ముందే పరీక్షించండి. రెండు లీవర్లనూ గట్టిగా నొక్కి మనసులో పది లెక్కపెట్టండి. ఆ పదిలో లీవరు మెల్లగా లోపలికి జారుతుంటే వేరే సైకిలు అడగండి. ప్యాడ్లలో పదార్థం కనిపిస్తోందా, రోటరు మీద నీలం చారలున్నాయా, రెండూ చూడండి. దిగేటప్పుడు లీవరు ఆట పెరుగుతోందని మొదటి అనుమానం రాగానే, ఇంకా పనిచేస్తుండగానే ఆగండి. అప్పటికే చేతికి వచ్చేస్తే లీవరును వరుసగా పంపు కొట్టండి, కొంత పట్టు దొరుకుతుంది, దానితో రెండో బ్రేకును కలిపి రోడ్డు పక్కకు చేరండి. రోటరును వేలితో ముట్టుకుని చూడకండి. చుక్క నీరు చిలకరిస్తే చుయ్యిమనడం ఆగేదాకా అక్కడే కూర్చోండి. ఆ తర్వాత మిగిలిన దారి ఇంకా నిటారుగా ఉంటే సైకిలు నడిపించుకుంటూ దిగండి, లేదంటే వెనక వచ్చే జీపును ఆపి ఎక్కించుకోమనండి.